నెలకి ఎనిమిది నిమిషాలు

కెమి ఊళ్లో ఆరో నంబరు బస్సు నాది.
పదహారేళ్లుగా అదే దారి:
రేవు, ఆసుపత్రి, మూతపడ్డ కాగితం మిల్లు, మళ్లీ రేవు.
సాయంత్రం డిపోలో తాళాలు అప్పగించి
బడి కింద నేలమాళిగలోకి దిగుతాను.
అక్కడ రెండు బల్లలు. ఒకదానికి ఒక కాలు పొట్టి,
దాని కింద మడిచిపెట్టిన పాత టైంటేబుల్ నాదే.

నలభై మూడో ఏట మొదటిసారి బ్యాటు పట్టాను.
మోకాళ్ల డాక్టరు నడవమన్నాడు.
నడక నాకు విసుగు.

కోచ్ ఓలవి ఔలు నుంచి వస్తాడు,
నెలలో మొదటి శనివారం.
పన్నెండు మందిమి. నా వాటా ఎనిమిది నిమిషాలు,
అందులో రెండు అతను కళ్లద్దాలు తుడుచుకోడానికే సరి.
చూస్తాడు, చూస్తాడు, ఒక్క మాట అంటాడు.
అక్టోబరులో: "చేత్తో కాదు, నడుముతో."
నవంబరులో: "పాదాలు నిద్రపోతున్నాయి."
డిసెంబరులో: "తొందర."
ఎవరికి తొందరో, దేనికి తొందరో అడిగేలోపు
పక్కవాడి వంతు వచ్చేసింది.

ఒక్కో మాటనీ నెలంతా నమిలాను, ఎండుచేపలా.
ఫోను బూటుకి ఆనించి వీడియో తీసుకున్నాను.
తెరమీద ఎవరో లావుపాటి ఆడమనిషి
కందిరీగల్ని తోలుతున్నట్టు చెయ్యి విసురుతోంది.
నా మనసులో మాత్రం అది చాలా అందమైన షాటు.
ఆ రాత్రి భోజనం సయించలేదు.

బకెట్టులో తొంభై బంతులు.
అవతల ఎవరూ లేని బల్ల.
సర్వీసు మీద సర్వీసు,
తొంభై అయ్యాక వంగి వంగి ఏరుకోవడం.
ఆట వచ్చిందో లేదో గాని
హీటరు వెనక ఏముందో నాకు కంఠతా వచ్చు:
మూడు తలపిన్నులు, ఒక పాలపన్ను,
ఎవరో దాచేసిన లెక్కల పరీక్ష పేపరు.

మంగళవారాలు రెయినో వస్తాడు.
డెబ్భై నాలుగేళ్లు, ఓడలకి వెల్డింగు చేసిన చేతులు.
అతని బ్యాటు రబ్బరు నా పెళ్లికంటే పాతది,
అంతే నున్నగా అరిగిపోయింది.
ఎంత గట్టిగా కొట్టినా బంతిని
నిద్రపోయే పసిపిల్లని దించినట్టు బల్లమీదికి దించుతాడు.
నేను మళ్లీ కొడతాను. వలకి. మళ్లీ. వలకి.
పదకొండు–మూడు. పదకొండు–నాలుగు.
ఒకసారి పదకొండు–సున్నా. ఆ రోజు అతనే సిగ్గుపడి
తన ఫ్లాస్కులో కాఫీ నాకు పోశాడు.

జనవరిలో ఓలవి రాలేదు, దారంతా గాజులా గడ్డకట్టింది.
ఫిబ్రవరిలో అతనికి జ్వరం.
నా దగ్గర మిగిలింది ఆ పాత మాటే.

ఒక పొద్దున, మైనస్ ఇరవై ఆరు,
ఆసుపత్రి స్టాపులో తలుపులు మూయబోతూ
అద్దంలో చూశాను: చేతికర్రతో ఒకావిడ
ఒక్కో అడుగూ మంచుని అడిగి వేస్తోంది.
ఆగాను. చెయ్యి మీటమీదే, కాలు బ్రేకుమీదే.
ఆమె వచ్చింది. మెట్టెక్కింది. కమ్మీ పట్టుకుని కుదురుకుంది.
అప్పుడు కదిలాను.
రోజూ చేసే పనే.
బస్సుకి తెలిసిన సంగతి
బ్యాటుకి చెప్పడం మర్చిపోయాను.

ఆ మంగళవారం రెయినో దించిన బంతి
బల్లని తాకి లేచింది. ఆగాను.
ఇంకా లేచింది. ఆగాను.
పైన ఒకచోట అది ఎటూ పోని క్షణం ఒకటుంది,
మూడేళ్లలో ఎప్పుడూ దాని మొహం చూడలేదు నేను.
నడుము తిరిగింది, చెయ్యి వెనకాలే వచ్చింది.
చప్పుడే వేరు.
రెయినో చాపిన బ్యాటు చాపినట్టే ఉంది.

తర్వాతి నాలుగూ వలకే పోయాయి.
పదకొండు–ఎనిమిది, ఓడాను.
"ఇంకోటి ఆడదామా, మార్యుత్?" అన్నాడు.
నా పేరు అతనికి తెలుసని నాకు తెలీదు.

మార్చిలో ఓలవి వచ్చాడు, చిక్కిపోయి.
రెండు నిమిషాలు కళ్లద్దాలకి పోయాయి.
చూశాడు, చూశాడు.
తొందర ఊసే ఎత్తలేదు.
"బ్యాక్‌హ్యాండ్ ఎక్కడ?" అన్నాడు,
అంటూనే పక్కవాడివైపు తిరిగాడు.

వెళ్లి బకెట్టు తెచ్చుకున్నాను.